ఆటలో బెల్టు ఉండకూడదు

"ఇవి ఆడుకుంటున్నాయా, చంపుకుంటున్నాయా?"

బట్టలు కుట్టే టైలరమ్మ మొట్టమొదటిసారి ఆ ఇనప గేటు బయట నిలబడి అడిగిన మాట ఇది. చంకలో గోధుమరంగు కుక్కపిల్ల, భుజాన గుడ్డసంచి, వెనక్కి తిరిగి పోదామా అన్న అనుమానం ముఖంలో. గేటు లోపల, మూతబడ్డ కలప డిపో వెనకున్న ఖాళీ స్థలంలో, దూడంత నల్లకుక్క ఒకటి వెల్లకిలా పడి ఉంది. దాని గొంతు మీద రెండు కుక్కలు, చెవి పట్టుకుని ఇంకొకటి. గుర్రుమనే చప్పుడు వీధి మలుపుదాకా వినిపిస్తోంది.

"నోళ్ళు చూడకమ్మా, నడుములు చూడు," అంది కుక్కల్ని చూసుకునే ఆవిడ, కూర్చున్న బల్ల మీంచి లేవకుండానే. "నడుము కర్రలా బిగిసిందా, కొట్లాట. తడిగుడ్డలా అటూ ఇటూ ఊగుతోందా, ఆట. ఆ కిందున్నదానికి మూడింటినీ ఒక్క విదిలింపుతో అవతల పారేసే సత్తువ ఉంది. కావాలనే పడుకుంది. పిల్లలతో కుస్తీ పట్టేటప్పుడు తండ్రి ఓడిపోయినట్టు పడిపోడూ? అదీ సంగతి. కాసేపాగితే పైనున్నది కిందకొస్తుంది, కిందున్నది పైకెళ్తుంది. వంతులు మారకపోతే అప్పుడు లేస్తాను నేను."

"మరి ఆ గుర్రుగుర్రు ఏంటి?"

"గుర్రుమనేదానితో భయం లేదు. ఉన్నట్టుండి గమ్మునైపోయి, నోరు మూసేసి, ఒకటే చూపు చూస్తూ నిలబడిపోయేది ఒకటుంటుంది చూడు, దానితో జాగ్రత్తగా ఉండాలి."

"అచ్చం మా అత్తగారే," అంది టైలరమ్మ. నవ్వొచ్చాక భయం పోయింది. పిల్లను గేటు మీంచి అందించబోయింది.

ఆవిడ ఆగమంది. ముందు ఆ పిల్ల మెడలోని ఎర్రబెల్టు విప్పి, గేటు పక్క గోడకున్న మేకుకు తగిలించింది. ఆ వరసలో అప్పటికే చాలా బెల్టులు వేలాడుతున్నాయి. "ఇక్కడ మెడలో ఏదీ ఉండకూడదు. ఆటలో ఇవి మెడలే పట్టుకుంటాయి. పన్ను బెల్టులో ఇరుక్కుందంటే ఇక అది ఆట కాదు," అంది.

ఆ పిల్ల పేరు బొంగరం. సంతోషం పట్టలేకపోతే ఉన్నచోటే గిర్రున తిరిగేది, అందుకని. నల్లకుక్క పేరు గున్న. అది లెక్కల మాస్టారిది. ఆయన ఒంటరి మనిషి, బడికి పోతూ వదిలేసి, బడి వదిలాక తీసుకుపోయేవాడు. బొంగరం కనిపించిన రోజే గున్న ముందుకాళ్ళు మోచేతులదాకా నేలకానించి, వెనకభాగం పైకెత్తి, తోక ఊపింది. కుక్కల్లో ఆ వంగుడుకు ఒకటే అర్థం: ఇక మీదట నేను చేసేదంతా ఉత్తుత్తికే, కరిచినా ఉత్తుత్తికే, తరిమినా ఉత్తుత్తికే. మనుషులకు ఇలాంటి సైగ ఒకటి లేకపోవడం వల్ల కాపురాల్లోనూ ఆఫీసుల్లోనూ ఎంత నష్టం జరుగుతోందో ఎవరూ లెక్కకట్టలేదు.

కుక్కల మీద ప్రేమతో ఆవిడ ఈ పనిలోకి దిగిందని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. భర్త పోయాక పశువుల ఆసుపత్రిలో ఊడ్చే పనికి కుదిరింది. వరండాలో గొలుసులతో ఎదురుబొదురుగా కూర్చోబెట్టిన కుక్కలు ఎప్పుడు కలబడతాయో ముందే పసిగట్టకపోతే, చీపురుతో వాటి మధ్యలో ఉండేది తనే. అలా, భయంతో నేర్చుకుంది. చెవులు ఎటు వాలాయి, పెదవి ఎంత బిగిసింది, కంటి తెలుపు పక్కనుంచి ఎంత బయటపడింది, తోకను నిక్కబెట్టి చివర సన్నగా వణికిస్తోందా, లేక నడుమూ పిర్రలూ కలిపి ఒళ్ళంతా ఊపేస్తోందా. తోక ఊపితే స్నేహమే అనుకుని చెయ్యి చాపిన పెద్దమనుషులకు అదే వరండాలో కట్లు కట్టడం చూసింది. కుక్కలు దేవుళ్ళని, మనుషులకన్నా వెయ్యి రెట్లు నయమని ఎవరైనా మొదలుపెడితే ఆవిడకు ఒళ్ళు మండేది. "దేవుళ్ళయితే ఇంట్లోనే ఉండి సేవలు చేసుకోండి. నా దగ్గర పడేసి డ్యూటీకి పోతారెందుకు?" అనేది.

ఆ చదువుతోనే ఆసుపత్రి మానేసి, పగటిపూట కుక్కల్ని డబ్బుకు చూసుకోవడానికి డిపో వెనక స్థలం అద్దెకు పట్టింది. తమ్ముడు పాత వ్యాను ఒకటి సంపాదించి, ఇంటింటికీ తిరిగి కుక్కల్ని ఎక్కించుకొచ్చి దింపేవాడు. తమ్ముడు, మరదలు, వాళ్ళ ఇద్దరాడపిల్లలు, తను, అందరిదీ ఒకే ఇల్లు. ముందుగది ఆవిడది. అన్నం, పిల్లల చదువులు, మందులు, అన్నీ ఆ స్థలం మీదే నడిచాయి.

కళ్ళ సంగతి మొదట టీ గ్లాసు దగ్గర బయటపడింది. గ్లాసులో పోశాననుకుని పక్కన పోసింది. తర్వాత గుమ్మాలు భుజాలకు తగలడం మొదలైంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపించేది. పక్కనున్నది ఉండేదే కాదు. కళ్ళ డాక్టరు నీటికాసుల జబ్బన్నాడు. పోయిన చూపు తిరిగి రాదన్నాడు, మిగిలినదాన్ని కాపాడుకోవడానికి చుక్కలు రాసిచ్చాడు. గొట్టంలోంచి చూస్తున్నట్టుండేది ఆవిడకు. ఆ గొట్టం నెలనెలకూ సన్నబడేది.

ఈ పనిలో ఎదురుగా ఆడుతున్న రెండు కుక్కల కన్నా, పక్కన నిలబడి వాటిని చూస్తున్న మూడోది ముఖ్యం. ఆట ఎప్పుడు చెడినా చెడగొట్టేది ఆ మూడోదే. పక్కచూపు పోయాక ఆవిడకు ఆ మూడోది లేకుండా పోయింది.

"ఎవరితోనూ అనకక్కా," అన్నాడు తమ్ముడు. "చూపు లేని మనిషి దగ్గర ఎవడు వదుల్తాడు తన కుక్కని? నోరు జారావంటే తెల్లారేసరికి గేటు ముందు ఒక్కటుండదు. ఆడపిల్లల్ని బడి మాన్పించాలి నేను."

"ఏదైనా జరిగితేనో?"

"ఇన్నేళ్ళూ జరగనిది ఇప్పుడెందుకు జరుగుతుంది?"

మువ్వలు పుట్టింది ఈ భయంలోంచే. ఒక్కో కుక్క మెడకు ఒక్కో రకం ఇత్తడి మువ్వ. గున్నకు నిమ్మకాయంతది, బొంగరానికి శనగగింజంతది. కళ్ళు మూసుకున్నా ఎవరెక్కడున్నారో, ఎవరు ఎవరి వెనక పడ్డారో తెలిసేది. తరమడం, ఆగడం, ఎదురు తరమడం. ఆటకు ఆ తూగు ఉంటుంది. ఒకే మువ్వ ముందు పరిగెత్తుతూ, వెనకది దాన్ని విడవకుండా పోతుంటే వంతులు మారడం లేదన్నమాట. అప్పుడు ఆవిడ చప్పట్లు కొట్టేది. కుక్కల్ని వదలడానికి వచ్చినవాళ్ళకు ఇదంతా ముచ్చటగా తోచింది. మువ్వలక్క అని పేరు పెట్టారు. ఎవరూ ఎందుకని అడగలేదు. ముచ్చటైన సంగతులకు కారణాలు అడిగే అలవాటు జనానికి లేదు.

మొదట్లో మువ్వల్ని నూలుదారంతో కట్టింది. గట్టిగా గుంజితే పుటుక్కున తెగే దారం, ఆలోచించే కట్టింది. అవి రోజూ తెగేవి. సాయంత్రం అందరూ పోయాక మోకాళ్ళ మీద కూర్చుని మట్టిలో అరచేతులతో తడుముతూ వెతుక్కునేది. ఒకసారి ఒక కుక్క మువ్వ మింగేసింది. అది బయటపడేదాకా తమ్ముడు పుల్ల పట్టుకుని దాని వెనకే తిరిగాడు. "ఇదేనా నా బతుక్కి రాసిపెట్టింది?" అని తిట్టుకుంటూ తిరిగాడు. ఇలా లాభం లేదని చెప్పులు కుట్టే అతని దగ్గరకెళ్ళి, మువ్వలు కుట్టిన తోలు బెల్టులు చేయించింది. "ఏనుగు లాగినా తెగితే అడుగు," అన్నాడతను గొప్పగా.

ఆ మర్నాటి నుంచి మువ్వలక్క గేటు దగ్గర చేసిన పని ఇది: జనం తెచ్చిన బెల్టు విప్పి మేకుకు తగిలించేది, తన బెల్టు తీసి తొడిగేది. రెండు పనులూ ఒకే చేత్తో, ఒకదాని వెంట ఒకటి. అది బెల్టు కాదు, మువ్వ, అని తనకు తాను చెప్పుకుంది. కొన్నాళ్ళకు చెప్పుకోవాల్సిన అవసరం కూడా లేకపోయింది.

ఆ మధ్యాహ్నం ఎండ తగ్గుముఖం పట్టింది. తమ్ముడు వ్యాను కింద దూరి ఏదో బిగిస్తున్నాడు. మువ్వలక్క బల్ల మీద కూర్చుని వింటోంది. స్థలం ఆ చివర గున్న మువ్వ బరువుగా, బొంగరం మువ్వ చిటుకుచిటుకుమని. తరుముడు. ఎదురు తరుముడు. గున్న దబ్బున పడిన చప్పుడు. వెల్లకిలా పడుకుని ఉంటుంది. దాని గొంతు దగ్గర బొంగరం సన్నగా గుర్రుమనడం. మళ్ళీ లేచాయి. తర్వాత రెండు మువ్వలూ ఒక్కసారే ఆగిపోయాయి.

ఆగడం మంచి గుర్తు. బాగా ఆడుకునే కుక్కలు మధ్యమధ్యలో బొమ్మల్లా నిలబడిపోతాయి, ఊపిరి పీల్చుకుంటాయి, మళ్ళీ ముందుకు వంగి మొదలెడతాయి. ఆ ఆగడం, ఒళ్ళు బిగిసిపోయే ఆగడం, రెంటికీ చప్పుడు ఒకటే. అదేమిటంటే, ఏ చప్పుడూ లేకపోవడం. కళ్ళున్నవాళ్ళకు తేడా తెలుస్తుంది. మువ్వలక్క మళ్ళీ మొదలవుతాయని ఎదురుచూసింది.

గేటు దగ్గర టైలరమ్మ కేక పెట్టింది. కరెంటు పోయి మిషను ఆగిపోతే, పిల్లను తొందరగా తీసుకుపోదామని వచ్చింది ఆమె. ఆమెకు కనిపించింది ఇది: గున్న నోట్లో బొంగరం మెడ; నాలుగు కాళ్ళూ నేలకు అందక వేలాడుతున్నాయి; గున్న వెనక్కి వెనక్కి గుంజుతోంది.

మువ్వలక్క లేచి కేక వచ్చిన వైపు పరిగెత్తింది, అంటే గేటు వైపు. తప్పు వైపు. వెనక్కి తిరిగి, నీళ్ళతొట్టికి కొట్టుకుని పడింది. అప్పటికే తమ్ముడు గేటుకు వేసే అడ్డకర్ర తీసుకుని గున్నను వీపు మీదా తల మీదా బాదుతున్నాడు. దెబ్బ పడిన ప్రతిసారీ అది ఇంకాస్త వెనక్కి గుంజుతోంది. మువ్వలక్క పాకుతూ వెళ్ళి ఆ రెంటి మధ్యకు చెయ్యి దూర్చింది. వేళ్ళకు తోలు తగిలింది. పిండిన గుడ్డలా మెలితిరిగి, మువ్వను లోపల నొక్కేసి ఉంది; గున్న మువ్వ బొంగరం ఒంటికి అదుముకుపోయింది. ఇరుక్కున్న భయంతో బొంగరం తన అలవాటు కొద్దీ గిర్రున తిరిగిందన్నమాట, తిరిగినకొద్దీ బిగిసింది. గున్న కింది దవడ ఆ బెల్టు కింద నిలువునా దిగబడిపోయింది. దాని పళ్ళు దేన్నీ పట్టుకోలేదు. ఒళ్ళంతా వణికిపోతోంది.

"కొట్టకురా! అది పట్టుకోలేదు, ఇరుక్కుంది! కత్తెర! ఎవరైనా కత్తెర తీసుకురండి!"

తమ్ముడు కొడుతూనే ఉన్నాడు. టైలరమ్మ తన కుక్క వెనక్కాళ్ళు పట్టుకుని లాగుతోంది. లాగకూడదు. దగ్గరికి నెట్టాలి, దవడను బెల్టులోకే నెట్టి మెలిక తిరిగినవైపుకు ఎదురుగా తిప్పాలి. మువ్వలక్క గున్న తలను రెండు చేతులతో పట్టుకుని అదే చేసింది. దవడ ఊడివచ్చింది. శనగగింజంత మువ్వ ఒక్కసారి మోగింది.

బొంగరం లేవలేదు.

"చంపేసింది," అంది టైలరమ్మ, పిల్లను పైటలో చుట్టుకుంటూ. "నా పిల్లని చంపేసింది ఆ రాక్షసి." మువ్వలక్క నోరు తెరిచింది. నోరు తెరిచిన ఆ కాసేపట్లోనే తమ్ముడు మెల్లగా వంగి, టైలరమ్మ చేతుల్లోని పిల్ల మెడకు ఉన్న తోలు బెల్టు విప్పి జేబులో వేసుకున్నాడు. తర్వాత మిగిలిన కుక్కలవన్నీ విప్పాడు.

మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి అన్ని మెడలూ బోసిగా ఉన్నాయి.

"కళ్ళారా చూశావా?" అని అడిగాడు మువ్వలక్కను.

"చూశాను సార్."

"మెడ పట్టుకుంది సార్," అందుకున్నాడు తమ్ముడు. "ఎంత కొట్టినా వదల్లేదు." అందులో ఒక్క మాట కూడా అబద్ధమని నిరూపించలేం. అబద్ధాల్లో పనికొచ్చే రకం అదే.

సాటి కుక్కను చంపిందని తేలిన కుక్కను మునిసిపాలిటీ బోనులో ఉంచుతారు. కుక్కగలాయన సంతకం పెడితే సూది వేసి చంపేస్తారు. ఆయన ఒప్పుకోకపోతే విచారణ, సాక్షులు. లెక్కల మాస్టారు విచారణ అడుగుతాడని మువ్వలక్క ఆశపడింది. అడిగితే డాక్టరు వస్తాడు, మెడ మీద పన్ను గాట్లు లేవని ఎవరో ఒకరు అంటారు, తను నోరు విప్పకుండానే గున్న బయటపడుతుంది. పాడు ఆశ. తన బదులు ఇంకెవరో నిజం చెప్పేస్తే బాగుండునన్న ఆశ.

మాస్టారు ఇంటికి వచ్చాడు. ముందుగదిలో కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మువ్వలక్కా, నేను బళ్ళో ఉన్నప్పుడు రోజూ చూసేదానివి నువ్వే. ముందెప్పుడైనా ఏదైనా గుర్తు కనపడిందా? నాకు తెలియక అడుగుతున్నా. ఇంట్లో నా కంచం పక్కన పడుకునేది. నాకేమీ కనపడలేదు."

"లేదు మాస్టారూ."

"ఏమీ లేదా? తోకో, చెవో, నువ్వేవో చెప్తావుగా?"

"ఏమీ లేదు. మంచి కుక్క."

"మంచి కుక్కైతే ఇలా చేయదు కదా." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మా వీధి నిండా చంటిపిల్లలు. రేపొద్దున ఏ పిల్లవాడి మెడో పట్టుకుంటే? లేదమ్మా. నేను పెంచింది నేనే తేల్చుకోవాలి. రేపు ఆఫీసు తెరవగానే సంతకం పెట్టేస్తాను."

ఆయన మెట్లు దిగుతుండగానే మరదలు వంటగదిలోంచి వచ్చింది. "వదినా, మీరిప్పుడు ఆయన్ని వెనక్కి పిలిస్తే మనం ఏం తిని బతకాలో కూడా చెప్పి పిలవండి," అంది. గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగింది.

తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు. "అది కుక్కక్కా. కుక్క. ఇంట్లో ఆడపిల్లలున్నారు, వాళ్ళు మనుషులు. ఎటు తూగుతుందో నువ్వే చూడు."

"నేను చేసినదానికి దానికి సూది పడుతోందిరా."

"నువ్వు చేసిందేముంది? నీ కళ్ళు చేశాయి. నీ కళ్ళని నువ్వు పోగొట్టుకున్నావా?"

"తోలు బెల్టు నేనే వేశాగా?"

"వేయకపోతే ఏం చేసేదానివి? రోజూ మట్టి తడిమేదానివా?"

ఆ ప్రశ్నకు జవాబు అవునని. రోజూ మట్టి తడిమి ఉండాల్సింది.

మర్నాడు ఆఫీసుకు తమ్ముడితో చెప్పకుండా, గోడ పట్టుకుని నడుస్తూ వెళ్ళింది. ఏం చెప్పాలో నిర్ణయించుకుని వెళ్ళిందనుకోవద్దు. ఒక్కసారి గున్నను చూసి వచ్చేద్దామనుకుంది. చూసి వచ్చేద్దామనడం పిరికివాళ్ళు కనిపెట్టిన మధ్యేమార్గం.

బోనులు వెనకవైపు రేకుల షెడ్డులో ఉన్నాయి. ఫినాయిలు వాసన. కాపలా మనిషి, "కరుస్తుంది, దూరంగా ఉండమ్మా," అని చెప్పి బీడీకి వెళ్ళాడు. మువ్వలక్క కమ్మీలకు ముఖం ఆనించింది. మొత్తం కుక్క ఒకేసారి కనపడదు ఆవిడకు, ముక్కలుముక్కలుగా చూడాలి. మొదట తల కనిపించింది. కర్ర దెబ్బకు ఒక చెవి చిట్లి నల్లగా ఎండి ఉంది. పెదవులు నాక్కుంటోంది, భయపడ్డ కుక్క చేసే పని. "గున్నా," అంది. గున్న ఆవిడ వైపు చూడలేదు. పక్క బోనులోకి చూస్తోంది. అక్కడెవరో ఉన్నారు, గోళ్ళ చప్పుడు, ఊపిరి.

మువ్వలక్క చూపు కిందికి దించింది. గున్న మోచేతులు సిమెంటు నేలకు ఆని ఉన్నాయి. తల తిప్పి దాని వెనకభాగం కోసం వెతికింది. పిర్రలు పైకి లేచి ఉన్నాయి. తోక వదులుగా ఊగుతోంది, బోను ఇరుకు కావడంతో రెండు వైపులా కమ్మీలకు తగులుతూ. ఉత్తుత్తికే, అంటోంది. ఇక మీదట చేసేదంతా ఉత్తుత్తికే. పక్క బోనులోది పలకలేదు. గున్న కాసేపాగి, ఇంకా కిందికి వంగి, మళ్ళీ అడిగింది.

ఆవిడ కమ్మీలు వదిలేసింది. తిరిగొచ్చిన కాపలా మనిషిని ఇన్‌స్పెక్టరు గది ఎటని అడిగింది.

ఇన్‌స్పెక్టరు గదిలో మాస్టారు అప్పటికే కాగితం ముందు కూర్చుని ఉన్నాడు. ఫిర్యాదు ఇచ్చిన మనిషి కాబట్టి టైలరమ్మను కూడా పిలిపించారు. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఒడిలో గుడ్డసంచి పెట్టుకుని కూర్చుంది. మువ్వలక్క గుమ్మం తడుముకుని లోపలికి వచ్చింది.

"సంతకం పెట్టకండి మాస్టారూ. అది కరవలేదు."

"ఏంటమ్మా ఇది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆ రోజు చూశానన్నావుగా?"

"చూడలేదు సార్. నాకు కనపడదు."

ఇన్‌స్పెక్టరు నమ్మలేదు. కుర్చీలోంచి లేచి, ఆవిడ పక్కకు వచ్చి, చెయ్యి పైకెత్తాడు. "ఇవి ఎన్ని వేళ్ళు?"

"ఏవి సార్? ఎక్కడ?"

ఇన్‌స్పెక్టరు చెయ్యి దించేశాడు. మువ్వలక్క చెప్పేసింది. నీటికాసులు, మువ్వలు, నూలుదారం, తోలు. దవడ ఎలా దిగబడిందో తన రెండు చేతులతో చూపించింది. బొంగరం ఎటు తిరిగితే ఎందుకు బిగిసిందో చూపించింది. తమ్ముడు బెల్టులు విప్పి దాచాడని చెప్పలేదు, తనే విప్పానంది. ఆ ఒక్క అబద్ధం ఉంచుకుంది.

మాస్టారు కలం మూత పెట్టేశాడు. "ఇంటికొచ్చి కూర్చుని అడిగాను నిన్ను. ఏమీ లేదన్నావు," అన్నాడు. "నా చేత చంపించేదానివి." లేచి షెడ్డు వైపు పోయాడు.

టైలరమ్మ కదల్లేదు. "ఇరుక్కున్నాక ఏం చేస్తే బతికేది?"

"ఇప్పుడదంతా ఎందుకమ్మా..."

"చెప్పు."

ఇక్కడ కూడా ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు. మెడ అప్పటికే విరిగిపోయిందని చెప్పొచ్చు. అన్నీ చెప్పేసిన ఊపులో ఉన్న మనిషికి ఎక్కడ ఆగాలో తెలియదు. "బెల్టు కోసేస్తే," అంది మువ్వలక్క.

టైలరమ్మ ఒడిలోని సంచి వైపు చూసింది. సంచి మూతి విప్పింది. గుడ్డ కోసే పెద్ద కత్తెర, నల్లపిడి, అందులోనే ఉంది. ఏ రోజు చూసినా అందులోనే ఉంటుంది.

"కత్తెర అని అరిచావు నువ్వు," అంది. "నాకు వినపడింది. ఎందుకో అర్థం కాలేదు. నా భుజానే ఉంది, మువ్వలక్కా. నా భుజానే వేలాడుతోంది. నేను దాని కాళ్ళు పట్టుకుని లాగుతున్నాను."

"నీ తప్పు కాదమ్మా..."

"నువ్వు మాట్లాడకు! ఇంకొక్క మాట మాట్లాడకు నువ్వు!" అంటూ ఆమె కత్తెర సంచిలోంచి తీసి ఇన్‌స్పెక్టరు బల్ల మీద పెట్టింది, ఎవరిదో వస్తువు తిరిగి ఇచ్చేస్తున్నట్టు. పెట్టి బయటికి వెళ్ళిపోయింది. ఇన్‌స్పెక్టరు మనిషిని పంపి కత్తెర వెనక్కి ఇప్పించాల్సి వచ్చింది.

నిజం చెప్తే గుండె తేలికవుతుందని రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళెవరూ ఆ సాయంత్రం ఆ ఇంటి ముందుగదిలో లేరు. తమ్ముడు చెప్పులు విప్పకుండా లోపలికి వచ్చి, "తిన్నారా?" అని భార్యను అడిగాడు, పిల్లల్ని అడిగాడు. అక్కను అడగలేదు. గేటుకు మునిసిపాలిటీ సీలు పడింది. వ్యాను అమ్మేశారు. తమ్ముడు గ్యాసు బండలు మోసే లారీకి డ్రైవరుగా చేరాడు. పెద్దమ్మాయి బడి మానలేదు, చిన్నది మానేసింది. మరదలు మాత్రం, "వదినా, చుక్కలు వేసుకున్నారా?" అని అడగడం మానలేదు.

గున్న ఇంటికి చేరింది. మాస్టారు దాన్ని ఇప్పుడు పొట్టిగొలుసుతో నడిపిస్తాడు. వేరే కుక్క ఎదురొస్తే వీధి దాటేస్తాడు. అవతలివైపు నుంచి అది వంగుతుందట, గొలుసు బిగుసుకునేదాకా వంగుతుందట; చూసినవాళ్ళు చెప్పారు. ఆయన గుంజి లేపి నడిపించుకుపోతాడు. అది కరవలేదని ఆయనకు తెలుసు. తెలిసినా ఆయన చెయ్యి ఆ గొలుసును వదులు చేయలేకపోతోంది.

మువ్వలక్క ఇప్పుడు టోకు కొట్టుకు కాగితం సంచులు అతికిస్తోంది. దానికి చూపు అక్కర్లేదు, వేళ్ళు చాలు. వీధిలో ఎక్కడైనా కుక్కలు కలబడిన చప్పుడు వినిపిస్తే జిగురు చెయ్యి గాల్లోనే ఆగిపోతుంది. ఆటేనా, కాదా తేల్చుకోవాలని వింటుంది. తేలదు. మళ్ళీ మొదలైన చప్పుడు వచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది.

ఇన్‌స్పెక్టరు విచారణ ముగించి, టైలరమ్మకు నష్టపరిహారం కట్టమని రాశాడు. సంచుల మీద వచ్చేదాంట్లోంచి నెలనెలా కొంత మరదలి చేత పంపిస్తోంది. టైలరమ్మ తలెత్తకుండా తీసుకుని, మిషను సొరుగులో వేసుకుని, కుట్టుపని సాగిస్తుంది. మొత్తం పద్దెనిమిది వేలు. ఇప్పటికి ఏడు వేలు కట్టింది. పదకొండు వేలు బాకీ ఉంది.